ఆగగలిగే ఇల్లు, ఆగలేని ఇల్లు

మా జిల్లా పరిషత్ బడిలో ఒకే ఏడు పది పాసైన ఇద్దరు పిల్లలు నా మనసులోంచి పోరు. ఒకడు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల్లో తప్పాడు. సప్లిమెంటరీ రాసి గట్టెక్కాడు. ఎంసెట్‌లో అనుకున్న ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది కోచింగ్‌లో కూర్చున్నాడు. ఇప్పుడు ఇంజనీరు. వాళ్ల నాన్న ఆర్టీసీలో కండక్టరు. రెండోవాడు ఏ పరీక్షా తప్పలేదు. పదిలో మొదటివాడికంటే ఎక్కువ మార్కులే తెచ్చుకున్నాడు. ఇంటర్ రెండో ఏట, సంక్రాంతి ముందు, హైదరాబాద్‌లో కూలి పనికి పోయిన వాళ్ల నాన్న పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. పండుగ సెలవులకు ఇంటికొచ్చిన పిల్లవాడు మళ్లీ కాలేజీ మొహం చూడలేదు. నాన్న పనిచేసిన మేస్త్రి దగ్గరే సెంట్రింగ్ పనిలో చేరాడు. తప్పినవాడు నిలబడ్డాడు, తప్పనివాడు తప్పుకున్నాడు.

ఇంటి ఆదాయానికీ పిల్లల చదువుకూ సంబంధం ఉందని ఎవరినడిగినా చెబుతారు. అది ఏ దారిన పనిచేస్తుందన్న దగ్గరే అభిప్రాయాలు చీలిపోతాయి. ఫీజు కట్టలేకనా? కూలి డబ్బు కావాలనా? తల్లిదండ్రులకు చదువు విలువ తెలియకనా? బడి బాగాలేకనా? ఈ ప్రశ్న మీద ముప్పై ఏళ్లుగా మన రెండు రాష్ట్రాల్లోనూ బయటి దేశాల్లోనూ చాలా పని జరిగింది. అదంతా పక్కపక్కన పెట్టుకుని చదివాక నాకు ఒకటి గట్టిగా అనిపించింది. పద్నాలుగు, పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలకు ఇంటి ఆదాయం ఇచ్చేది అన్నిటికన్నా ముందు వ్యవధి. ఒకసారి తప్పితే మళ్లీ రాసే వ్యవధి. ఇంట్లో ఒకరు మంచాన పడితే ఆ గండం గడిచేదాకా పిల్లవాణ్ని బడిలోనే ఉంచగలిగే వ్యవధి. మంచి పని దొరికేదాకా దొరికిన పనికి పోకుండా ఆగే వ్యవధి. ఫీజు దాని తర్వాతి మాట.

ముందు చట్టం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా, ఎనిమిదో తరగతి వరకు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నిషేధించారు. బడి వేళల తర్వాత ఇంటి పనిలో, కుటుంబ వృత్తిలో సాయపడటానికి మినహాయింపు ఇచ్చారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ప్రమాదకరమైన పనులు తప్ప మిగతా వాటికి తలుపు తెరిచే ఉంది. అంటే చదువుకునే హక్కు ముగిసే వయసూ, పని తలుపు తెరుచుకునే వయసూ ఒకటే. మన పిల్లలు పది రాసేది ఆ గీత దాటాక. ఏ కొలువు ప్రకటన చూసినా కనీస అర్హతగా అడిగే ఆ పదో తరగతి ఏ హక్కు కిందికీ రాదు.

ఆ గీత దాటాక ఏం జరుగుతుందో ప్రథమ్ సంస్థ 2023లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పల్లె పిల్లల మీద చేసిన అసర్ సర్వేలో కనిపిస్తుంది. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో తిరిగారు. పద్నాలుగేళ్ల వాళ్లలో ఎక్కడా చదవనివాళ్లు 3.9 శాతం. పద్దెనిమిదేళ్ల వాళ్లలో 32.6 శాతం. నాలుగేళ్లలో నూటికి నలుగురు కాస్తా ముప్పైమంది దాటారు. అదే సర్వేలో ఏదైనా వృత్తి శిక్షణలో ఉన్నవాళ్లు 5.6 శాతమే. అంటే బడి వదిలిన పిల్లల్లో ఎక్కువమంది ఏ పనీ నేర్చుకోకుండా నేరుగా పనిలో పడుతున్నారు.

మన దగ్గర ఈ ప్రశ్నను అందరికంటే ఓపిగ్గా వెంబడించింది ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుని 2002లో మొదలుపెట్టారు. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్ జిల్లాల్లో మూడు వేలమంది పిల్లలు. వెయ్యిమంది అప్పటికి ఏడెనిమిదేళ్ల వాళ్లు, రెండు వేలమంది ఏడాది పసివాళ్లు. అవే ఇళ్లకు మూడు నాలుగేళ్లకోసారి వెళ్లి, పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా అడుగుతూ వచ్చారు. ఒక ఏడాది లెక్క తీసి వదిలేసే సర్వేలకు అందని విషయం దీనికి అందింది. పిల్లవాడు బడి మానే ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసింది. కరువు, జబ్బు, చావు, అప్పు. మా రెండోవాడి కథ ఆ పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పేదరికంలోనే చదువుకుంటూ వచ్చిన పిల్లలు, ఒక దెబ్బ తగిలిన ఏడు ఆగిపోతారు.

పెద్ద పిల్లల జట్టుకు పంతొమ్మిదేళ్లు వచ్చేసరికి అమ్మాయిల్లో మూడో వంతుకు పైగా పెళ్లయిపోయింది. అబ్బాయిల్లో పెళ్లయినవాళ్లు నూటికి ఇద్దరు. ఇంకో సంగతి, ఎనిమిదేళ్ల వయసులో ప్రైవేటు బడికి పోయేవాళ్లు పెద్ద జట్టులో 24 శాతమైతే, ఏడేళ్ల తర్వాత అదే వయసుకు వచ్చిన చిన్న జట్టులో 44 శాతం. ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టగలిగితే ఆ ఒక్కరు కొడుకే కావడం మనందరికీ తెలిసిన సంగతే.

ఆ ప్రైవేటు బడి మీద పెట్టిన డబ్బు చదువై తిరిగొస్తుందా? కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలోనే దీన్ని పరీక్షించారు. 180 గ్రామాల్లో లాటరీ తీసి, కొందరు సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు రకాల బడుల పిల్లలకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ఒక్కో పిల్లవాడి మీద ప్రైవేటు బడికయ్యే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదన్నది వేరే చర్చ. చిన్న తరగతుల సంగతే అయినా నాకు దీనిలో పనికొచ్చే మాట ఒకటుంది. కాన్వెంటు పిల్లల్లో మనం చూసే తేడాలో చాలా భాగం బడిది కాదు, ఇంటిది.

అయితే ఆ ఇంటిలో డబ్బెంత, చదువుకున్న తల్లి ఎంత, కులం ఎంత? వీటిని విడదీయడం కష్టం. డబ్బున్న ఇంట్లో మిగతావీ ఉంటాయి. అమెరికాలోని నార్త్ కరోలినాలో అనుకోకుండా ఒక సందర్భం దొరికింది. అక్కడి చెరోకీ తెగవాళ్లు 1997లో కాసినో తెరిచి, లాభంలో వాటాను తెగలోని పెద్దలందరికీ సమానంగా పంచడం మొదలుపెట్టారు. మనిషికి ఏడాదికి సుమారు 4,000 డాలర్లు. పని చేసినా మానినా వచ్చే డబ్బు. తల్లిదండ్రులు మారలేదు, బడి మారలేదు, ఆదాయం ఒక్కటే పెరిగింది. అక్కడి పిల్లల మీద అప్పటికే ఒక అధ్యయనం నడుస్తూ ఉండటంతో రాండల్ అకీ బృందం లెక్క తీయగలిగింది. అందరికంటే పేద ఇళ్ల పిల్లలు ఇరవై ఒకటో ఏటికి దాదాపు ఒక తరగతి ఎక్కువ చదివారు. కాబట్టి డబ్బుకు తనదైన బలం ఉంది.

దీనికి ఎదురుగా మన నేల మీదే నిలబడ్డ వాదం శాంతా సిన్హాది. ఎంవీ ఫౌండేషన్ ద్వారా 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఆమె చేసిన పనికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బాలకార్మికులే అన్నది ఆమె మాట. పేదరికం పోయేదాకా ఆగితే ఎన్నటికీ కాదు, పిల్లలు బడిలో ఉండటం ఊరికి మామూలు విషయమైతే ఎంత పేద తల్లిదండ్రులైనా పంపుతారని చేసి చూపించారు. బడి మానినవాళ్లకు బ్రిడ్జి క్యాంపులు పెట్టి వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టారు. పలుపు తాడు వదిలి పలక పట్టిన పిల్లలు ఊళ్లకు ఊళ్లే కనిపించారు.

ఈ వాదాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను, ఒక హద్దు వరకు. పదేళ్ల పిల్లవాడు సంపాదించేది ఇంటికి పెద్ద ఆసరా కాదు, వాణ్ని బడికి పంపితే ఇల్లు కూలిపోదు. పదహారేళ్లవాడి సంగతి వేరు. సెంట్రింగ్‌లో, రాడ్‌బెండింగ్‌లో, టైల్స్ పనిలో వాడికి దాదాపు పెద్దవాడి కూలే పడుతుంది. పైగా ఆ వయసుకు బడి ఊళ్లో ఉండదు. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో, కొన్నిచోట్ల ఇంకా దూరంలో. రోజూ రెండు బస్సులు. ఎనిమిది దాకా ఊరి పట్టుదల నిలబెట్టిన పిల్లల్ని ఇంటర్ దాకా నిలబెట్టడానికి పట్టుదల ఒక్కటే చాలదు.

ఆదాయం ఎంతన్నదే కాదు, ఎప్పుడు వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది అన్నది అంతకన్నా ముఖ్యమని ఉపాధి హామీ చూపించింది. మనీషా షా, బ్రైస్ స్టైన్‌బర్గ్ దేశమంతా లెక్కలు తీస్తే, పథకం వచ్చిన జిల్లాల్లో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలు బడిలో తగ్గారని తేలింది. కూలి రేట్లు పెరిగాయి, అబ్బాయిలు పనికి పోయారు. అమ్మ పనికి పోతే ఇంటి చాకిరీ అమ్మాయిల మీద పడింది. ఫర్జానా అఫ్రిది బృందం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యంగ్ లైవ్స్ పిల్లల మీదే చూస్తే, ఉపాధి పనిదినాల్లో తల్లి వాటా పెరిగిన ఇళ్లలో పిల్లలు బడిలో ఎక్కువసేపు గడిపారు, తరగతులు సరిగా దాటారు. ఒకే పథకం, రెండు ఫలితాలు. మొదటిది పెద్ద పిల్లల కూలి విలువ పెరగడం గురించి, రెండోది తల్లి చేతికి డబ్బు రావడం గురించి. రెండూ నిజమేనని నా నమ్మకం. పొలం పనుల రోజుల్లో నా తరగతిలో ఖాళీ అయ్యే బెంచీలు మొదటిదానికి సాక్ష్యం, కూతురి ఫీజు కోసం చీర కొంగు ముడి విప్పే తల్లులు రెండోదానికి.

గద్వాల వైపు సీడ్ పత్తి చేలకు పోతే ఇదంతా కళ్లముందే ఉంటుంది. హైబ్రిడ్ విత్తనం కోసం ప్రతి పువ్వునూ చేత్తో క్రాసింగ్ చేయాలి. సాయంత్రం మొగ్గ విప్పి మగ భాగం గిల్లి పారేస్తారు, మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి పుప్పొడి అద్దుతారు. వర్షాకాలం నడిమి నుంచి చలి మొదలయ్యేదాకా ఆదివారం కూడా లేకుండా ఇదే పని. మొక్క ఎత్తుకు సరిపోయే ఎత్తు, సన్నటి వేళ్లు కావాలని ఆడపిల్లల్నే పెడతారు. పని మొదలవకముందే, ఇంట్లో గింజలు నిండుకునే ఎండాకాలంలో, అడ్వాన్సు తల్లిదండ్రుల చేతికి వచ్చేస్తుంది. జూన్‌లో బడి తెరిచినప్పుడు పేరు రాయించుకున్న పిల్ల, ఆ అడ్వాన్సు తీర్చడానికి ఆగస్టులో మాయమవుతుంది. తిరిగొచ్చేసరికి త్రైమాసిక పరీక్షలు అయిపోయి ఉంటాయి. తొమ్మిదో తరగతిలో రెండేళ్లు ఇలా గడిచాక ఆ పిల్లకు బడి అంటే అర్థం కాని పాఠాల చోటు. చదువు మానింది ఎప్పుడని అడిగితే ఆమె ఒక తేదీ చెప్పలేదు.

ఇక్కడి నుంచి నగదు పథకాలకు వస్తే, పోల్చి చూడాల్సిన ఉదాహరణ మెక్సికోది. 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకంలో తల్లి చేతికి రెండు నెలలకోసారి డబ్బిచ్చారు. తరగతి పెరిగేకొద్దీ మొత్తం పెంచారు. ఆడపిల్లలు ఎక్కువగా మానేసే పై తరగతుల్లో వాళ్లకు అబ్బాయిలకన్నా ఎక్కువ ఇచ్చారు. పిల్లవాడు బయట ఎంత సంపాదించగలడో ఆ లెక్కతో పోటీపడేలా కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి కూడా తల్లి ఖాతాకే వెళ్లింది. అది మంచి ఆలోచన. కానీ ఒకటో తరగతి పసివాడికీ ఇంటర్ చదివే పిల్లకూ ఒకటే 15,000. ఏడాదికి ఒక్కసారే. ఏడేళ్లవాణ్ని ఎలాగూ ఎవరూ కూలికి పంపరు. అందరికీ సమానంగా పంచిన డబ్బు, ఆగడం కష్టమయ్యే వయసుకు చేరేసరికి పలచబడింది.

అమ్మ ఒడిలో ఇంకో నిబంధన, ఇంటికి ఒక బిడ్డకే. దీని ముప్పు ఎలాంటిదో కొలంబియా రాజధాని బొగోటాలో 2005లో చేసిన ప్రయోగం చూపింది. డబ్బు వచ్చిన పిల్లలు బడిలో నిలబడ్డారు గానీ, ఆ ఇంట్లోనే డబ్బు రాని తోబుట్టువులు, ముఖ్యంగా అక్కచెల్లెళ్లు, బడి మానడం పెరిగింది. ఒకరిని ఆపడానికి ఇంకొకరిని పంపారు. 2025లో అమ్మ ఒడి స్థానంలో వచ్చిన తల్లికి వందనం చదివే పిల్లలందరికీ వర్తించడం ఆ రకంగా సరైన మార్పు. బొగోటా ప్రయోగంలోనే మరో పాఠం ఉంది. ఇచ్చే డబ్బులో మూడో వంతు ఆపి, వచ్చే ఏడాది బడిలో చేరే రోజుల్లో ఒక్కసారిగా ఇచ్చారు. పై తరగతిలో చేరేవాళ్లు పెరిగారు. మొత్తం ఏమీ పెరగలేదు, ఇచ్చిన రోజు మారింది. మనకు జూన్ అలాంటి నెల. విత్తనాలకూ ఎరువులకూ, పిల్లల పుస్తకాలకూ బస్‌పాసుకూ ఒకేసారి డబ్బు కావాల్సిన నెల.

పై చదువుకు మన దగ్గర అన్నిటికన్నా పెద్ద సాయం ఫీజు రీయింబర్స్‌మెంట్. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని విస్తరించాక ఇంజనీరింగ్ కాలేజీ గడప తొక్కిన మొదటి తరం పిల్లలు లక్షల్లో ఉన్నారు. మా బడి నుంచి కూడా వెళ్లారు, వాళ్లను చూస్తే కడుపు నిండుతుంది. అయితే ఆ సాయం అందేది అక్కడిదాకా చేరినవాళ్లకు. పదికీ పై చదువుకూ మధ్య రెండేళ్ల వంతెన ఇంటర్, పిల్లలు జారిపోయేది అక్కడే. తీరా చేరాక కూడా, ప్రభుత్వం బకాయి పడితే కాలేజీలు ఒరిజినల్స్ ఇవ్వవు. డిగ్రీ పాసైన మా పాత విద్యార్థిని ఒకామె ఉద్యోగానికి ఎంపికై, కాలేజీలో ఇరుక్కున్న సర్టిఫికెట్ల కోసం తిరిగీ తిరిగీ, చివరికి వాళ్లమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి తెచ్చుకుంది. కాగితం మీద అది ఉచిత చదువు. ఇంట్లో తాకట్టు పెట్టడానికి ఏమీ లేకపోతే ఆ ఉద్యోగం పోయేది.

ఆడపిల్లల విషయంలో ఈ వ్యవధికి ఇంకో పేరుంది, పెళ్లి. అబ్బాయి చదువు ఆగితే పనికి పోతాడు, మళ్లీ మొదలుపెట్టే వీలు కాస్తయినా ఉంటుంది. అమ్మాయి ఇంట్లో కూర్చున్న రోజు నుంచి సంబంధాలు మొదలవుతాయి. తెలంగాణలో 2014లో వచ్చిన కల్యాణలక్ష్మి వధువుకు పద్దెనిమిదేళ్లు నిండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కల్యాణమస్తుకు వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్నారు. పెళ్లి సాయాన్ని చదువుకు ముడిపెట్టిన ఈ రెండో షరతును నేను మెచ్చుకుంటాను. కానీ అమ్మాయిల్ని నిజంగా ఆపేది ముందు కనిపించే పని. ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల్లో రాబర్ట్ జెన్సెన్ మూడేళ్లపాటు కాల్ సెంటర్ కొలువుల గురించి చెప్పేవాళ్లను పంపించాడు. ఆ ఊళ్లలో యువతులు త్వరగా పెళ్లి చేసుకోవడం తగ్గింది, చదువుకో శిక్షణకో పోవడం పెరిగింది. ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. దారి చివర పని ఉందని తెలిస్తే, పేద ఇల్లు కూడా ఎలాగో ఆగడానికి చూస్తుంది.

చదువయ్యాక కూడా ఆగడం ముగియదు. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే ప్రకారం 2023-24లో దేశంలో నిరుద్యోగం 3.2 శాతం, పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వాళ్లలో 10.2 శాతం. ఎక్కువ చదివినవాళ్లలో నిరుద్యోగం ఎక్కువ. పని లేకుండా ఉండాలన్నా ఎవరో అన్నం పెట్టాలి. నిరుపేదలు ఆ లెక్కలో తక్కువగా కనిపించేది అందుకే, ఏదో ఒక కూలికి పోతూనే ఉంటారు. క్రెయిగ్ జెఫ్రీ మీరట్‌లో చదువుకున్న జాట్ యువకుల ఎదురుచూపుల మీద 2010లో టైంపాస్ అనే పుస్తకం రాశాడు. మన హైదరాబాద్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు ఉండే అశోక్‌నగర్ గదుల్లో అంతకన్నా కఠినమైన ఎదురుచూపు ఉంది. తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. రెండేళ్లకు పైగా నెలనెలా గది అద్దె, మెస్ బిల్లు ఎవరు పంపగలిగారో వాళ్లే మూడోసారి హాల్లో కూర్చున్నారు. పరీక్ష అందరికీ ఒకటే. అక్కడిదాకా నిలబడే శక్తి ఒకటి కాదు.

ఆగలేని పిల్లలకు పనికొచ్చే దారులు మన దగ్గర లేకపోలేదు. రెండేళ్ల ఐటీఐ ఉంది, 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. పదిలో మంచి మార్కులొచ్చిన సర్కారు బడి పిల్లలకు గ్రేడ్‌లో 0.4 కలిపి ఆరేళ్ల ఇంజనీరింగ్ సీటిచ్చిన ఆర్జీయూకేటీ 2008లో వచ్చింది. బాసర, నూజివీడు, ఇడుపులపాయలకు ఇంటర్, ఎంసెట్ గండాలు రెండూ దాటకుండానే వెళ్లిన పిల్లలను చూస్తే ఆ ఆలోచన ఎంత గొప్పదో తెలుస్తుంది. ఐటీఐని మాత్రం మనం చదువు రానివాళ్ల చోటుగా చూస్తూ పాడు చేశాం. నేర్చుకుంటూనే నెలకు ఇంత ఇంటికి పంపగలిగితే మా సెంట్రింగ్ పిల్లవాడు ఎలక్ట్రీషియన్ అయ్యేవాడని నాకు తోచని రోజు లేదు.

మొన్న ఎండాకాలం వాడు బస్టాండులో కలిశాడు. అరచేతుల్లో సిమెంటు పగుళ్లు. చెల్లెలు డిగ్రీ చదువుతోందట, ఆ మాట చెప్పేటప్పుడు మొహం వెలిగింది. బస్సు వచ్చేదాకా మాట్లాడి, ఎక్కబోతూ ఆగి అడిగాడు.

"సార్, ఓపెన్ ఇంటర్ పరీక్షలు ఆదివారం పెడ్తరా?"

"పెట్టరురా. ఎందుకు?"

"ఎన్ని పేపర్లు సార్?"

"ఐదు."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. నడుమ వచ్చే సెలవు రోజులు, టౌనుకు పోయి రావడం, అన్నీ కలుపుకున్నాడు.

"స్లాబు పోసే వారంల పడకుంటే రాస్త సార్."